ఫోన్ ఆపని తరగతి

సుజాతక్కా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఈ గల్ఫ్ దేశంలో, మన ఫింటాస్‌లో నువ్వు మొదలుపెట్టిన శుక్రవారం తెలుగు తరగతి ఇప్పుడు నేను చెబుతున్నాను. పిల్లలు పాఠం చదువుతుంటే వీడియో తీసి, నువ్వు చేసినట్టే వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను.

"ఫోన్లతో చదువేంటండీ? ఆపేయండి," అంటూ ఈ రోజు తెలుగు సంఘం ప్రెసిడెంటుగారు తరగతిలోకే వచ్చేశారు. నేను పొద్దున గ్రూపులోకి వచ్చిన వాయిస్ మెసేజ్ అందరికీ వినిపించాను. అది మన హారిక వాళ్ల నాన్నది. అతను సబ్హాన్ ప్రాంతంలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. చిన్నప్పుడే బడి మానేసిన ఆ మనిషి, కూతురి వీడియోలు చూసి అక్షరాలు నేర్చుకుని, అదే పాఠం కూడబలుక్కుంటూ చదివాడు. "తప్పులుంటే దిద్దుండ్రి మేడం," అన్నాడు చివర్లో.

"ఆపనండి," అన్నాను ప్రెసిడెంటుగారితో.

"అయితే వచ్చే వారం నుంచి ఈ హాలు మీకివ్వం."

"మా ఇంట్లో చెప్పుకుంటానండి."

ఆయన వెళ్ళిపోయారు. నేను పాఠం ఆపలేదు. హాజరు పట్టీలో హారిక పేరు కింద వాళ్ల నాన్న పేరు రాసి, ఆ పేరే గట్టిగా పిలిచాను.

హారిక లేచి నిలబడింది.

"వచ్చిండు మేడం," అంది.