తాళం లేని డబ్బా

నారాయణఖేడ్,
9 సెప్టెంబర్ 2012

ప్రియమైన రశ్మక్కకు,
తమ్ముడి శరణు.

ఫోన్లతో వ్యాపారం చేసేవాడు కాగితం మీద ఉత్తరం రాస్తున్నాడేమిటని నవ్వుకుంటున్నావు కదా. నవ్వుకో. బీదర్‌కు ఫోన్ చేస్తే ముందు మీ అత్త ఎత్తుతుంది, ఖేడ్‌లో వానలెట్లున్నాయని అడుగుతుంది, నీ చేతికి వచ్చేసరికి నేను చెప్పాలనుకున్నది సగం మరిచిపోతాను. అయినా నువ్వు హాస్టల్లో ఉన్నప్పటి నుంచి మనకు ఉత్తరాలే అలవాటు.

డబ్బా సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఇప్పుడు మొత్తం విను. పాత కీప్యాడ్ ఫోన్ ఒకటి రేకు డబ్బాలో పెట్టి, పొలంలో మోటర్ స్టార్టర్‌కు కలిపాను. ఇంట్లో నుంచి దానికి రింగ్ ఇస్తే మూడో రింగ్‌కు మోటర్ తిరుగుతుంది. ఇంకోసారి రింగ్ ఇస్తే ఆగుతుంది. వెంటనే కట్ చేస్తే అది మిస్డ్ కాలే, పైసా ఖర్చు లేదు. కట్ చేయకుండా పట్టుకుని ఉంటే డబ్బాలో ఫోన్ తనంతట తానే స్పీకర్ మీద ఎత్తుకుంటుంది, అప్పుడు మోటర్ చప్పుడు మంచం మీద కూర్చొని వినొచ్చు. రాత్రి రెండింటికి కరెంటు ఇస్తే టార్చి పట్టుకొని పాముల మధ్య బావి దాకా పోయే పీడ వదిలింది. ముప్పై ఏడు డబ్బాలు పెట్టాను అక్కా. మొదటిది కల్హేర్ దగ్గర కాలేబన్న చెరుకు తోటలో. ఆయన మోటర్ కాలిపోతే మన అప్పే మూడుసార్లు తీగ చుట్టి బాగుచేశాడు, నీకు గుర్తుండే ఉంటుంది, బెల్టు పట్టా మీద నడిచే పాత మోటర్. డబ్బాకు కాలేబన్న బంట్రోతు అని పేరు పెట్టాడు. "పిలిస్తే పోయి పని జేసొస్తది, జీతం అడగది, బీడీ అడగది" అంటాడు.

మొదట్లో డబ్బాకు తాళం పెట్టాను. తాళమంటే ఇనుప తాళం కాదు, రైతు చెప్పిన ఒకటి రెండు నంబర్ల నుంచి ఫోన్ వస్తేనే మోటర్ తిరిగేటట్టు. నెల తిరక్కుండానే అందరూ దుకాణం మీదికి వచ్చారు. కాలేబన్నే ముందు నిలబడ్డాడు. "తాళమెందుకు పెట్టినవ్ తమ్మీ? నా ఫోన్ల ఒకనాడు బ్యాలెన్స్ ఉండది, ఒకనాడు చార్జింగ్ ఉండది. పక్క పొలం సంగప్ప ఫోన్ అడుక్కొని కొడ్త, చర్చి కాడ ఉంటే పాస్టర్ ఫోన్ తీస్కొని కొడ్త. ఎవరి ఫోనైతేంది, మోటర్ నాదే గద" అన్నాడు. హైదరాబాద్‌లో స్టార్టప్ వాళ్ల క్లాసుకు రెండు రోజులు పోయి వచ్చాను కదా, అక్కడ ఒక సారు ఇదే చెప్పాడు, కొనేవాడి మాట వినని వ్యాపారం నిలవదని. విన్నాను. అన్ని డబ్బాల తాళాలూ తీసేశాను. ఇప్పుడు ఎవరు రింగ్ ఇచ్చినా పలుకుతుంది.

అప్పకు మాత్రం నచ్చలేదు. "మోటరుకు ఒక్కడే మాలిక్ ఉండాలెరా. ఎవరు పిలిస్తే వాళ్లకు పలికే మోటర్ మంచిది గాదు" అని రెండు రోజులు సణిగాడు. ముసలి మాటలని నవ్వేశాను. మొన్న ఫోన్ కంపెనీ ఆడమనిషి కాలర్ ట్యూన్ పాట పెట్టుకోమని డబ్బాలోని నంబర్‌కే ఫోన్ చేస్తే సంగప్ప మోటర్ తిరిగి మడి నిండిపోయింది. ఊరంతా ఒకటే నవ్వు. "గా అమ్మకు ఒక దినం కూలి ఇయ్యాలె" అన్నాడు సంగప్ప.

ఇరవై ఎనిమిదిన హైదరాబాద్‌లో పోటీ ఉంది. కొత్త వ్యాపారాలు పెట్టినవాళ్లు ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. గెలిస్తే వెయ్యి డబ్బాలు చేయించే వాళ్లు దొరుకుతారు. ఓడిపోతే అప్ప పక్కన కూర్చొని రాగి తీగ చుట్టడమే. నా కోసం బసవన్నకు ఒక దండం పెట్టు. బావకు నమస్కారం చెప్పు.

నీ తమ్ముడు,
ప్రభులింగ్

*

నారాయణఖేడ్,
20 జనవరి 2013

అక్కా,

శరణు. నాలుగు నెలలుగా నీ ఫోన్ ఎత్తలేదు, నీ రెండు ఉత్తరాలకు జవాబివ్వలేదు. పోటీలో గెలిచి తమ్ముడికి కళ్లు నెత్తికెక్కాయని రాశావు. ఆ మాటే నిజమైతే బాగుండేది. ఫోన్ చేద్దామని కూర్చుంటాను అక్కా, పచ్చ బటన్ మీదికి వేలు పోదు. ఎందుకు పోదో ఇప్పుడు చెప్తాను. ఇది అప్పకు కూడా చెప్పలేదు.

పోటీ పెద్ద హోటల్లో జరిగింది. నా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. బల్ల మీద చిన్న డబ్బా, దానికి ఒక లైటు పెట్టుకుని పోయాను, రింగ్ ఇస్తే లైటు వెలిగి చూపించాలని. వెలగలేదు. రెండుసార్లు కొట్టినా వెలగలేదు. ముందు వరసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఇంకొకాయన, "ఇది నిజంగా ఎక్కడైనా పనిచేస్తుందా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఎందుకు పనిచేయదు, నూటపాతిక కిలోమీటర్ల అవతల చెరుకు తోటలో పనిచేస్తుంది చూడండి అని, నోటికి వచ్చిన మొదటి నంబర్ కొట్టాను. కాలేబన్న బావి దగ్గరి డబ్బా నంబర్. ఫోన్ స్పీకర్ పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాను. ఆయనకు ముందు చెప్పలేదు, అడగలేదు. ఒక్క నిమిషం మోటర్ తిరిగితే ఏం పోతుందిలే అనుకున్నాను.

మోటర్ చప్పుడు హాలంతా నిండింది అక్కా. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. అప్పుడే ఆ చప్పుడులో ఒక కేక వినిపించింది. హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. సలోమీ అని పిలుస్తున్నాడు. సలోమి వదిన ఆయన భార్య. రెండోసారి పిలిచాడు, ఆ గొంతు మనిషి గొంతులా లేదు. "అదేమిటి?" అని అడిగాడు గడియారం ఆయన. నేను నవ్వాను. "మా రైతు సార్. బటన్ నొక్కకుండానే మోటర్ తిరిగిందని సంతోషంతో అరుస్తున్నాడు" అన్నాను. అంతలో మోటర్ టక్కున ఆగిపోయింది. నేనే ఆపినట్టు చేయి పైకెత్తి చూపించాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అప్పుడు ఫోన్ కట్ చేశాను.

బహుమతి తీసుకున్నాను, ఫోటోకు నిలబడ్డాను, అన్నం తిన్నాను. అంతసేపూ నా ఫోన్ స్విచాఫ్. మధ్యాహ్నం బస్సెక్కి జోగిపేట దాటాక ఆన్ చేస్తే అప్ప ఫోన్. కాలేబన్న కుడిచెయ్యి పట్టాలో పడి మూడు వేళ్లు పోయాయని, సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయారని.

పట్టా జారుతుంటే సరిచేద్దామని స్టార్టర్ మీది ఎర్ర బటన్ నొక్కి మోటర్ ఆపి, చెయ్యి పెట్టాడు. ముప్పై ఏళ్లుగా అట్లాగే చేస్తున్నాడు. ఫ్యూజు ఎవరూ తీయరు అక్కా, ఎర్ర బటన్ నొక్కితే మోటర్ ఇగ కదలదని మన దిక్కు రైతులందరి నమ్మకం. ఆ నమ్మకం మీదే వాళ్ల చేతులు ఇన్నేళ్లు భద్రంగా ఉన్నాయి. నా డబ్బా వచ్చాక ఆ బటన్‌కు విలువ లేదని నేను ఒక్కరికీ చెప్పలేదు. నాకే తట్టలేదు. స్టార్టప్ క్లాసులో ఎన్నో చెప్పారు, మార్కెట్ అన్నారు, కస్టమర్ అన్నారు. ఈ ఒక్కటి ఎవరూ చెప్పలేదు. వాళ్లను అనడం ఎందుకు, మోటర్ చుట్టేవాడి ఇంట్లో పుట్టిన నాకు తెలియాలి కదా.

ఊళ్లో అందరూ అది కంపెనీ వాళ్ల పాటల ఫోన్ వల్లే జరిగిందనుకున్నారు. సంగప్ప మోటర్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నేనూ నోరు విప్పలేదు. దవాఖానకు పోయాను. కాలేబన్న కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఎడమచేత్తో మంచం తట్టి "కూసో తమ్మీ" అన్నాడు. అంతే. సలోమి వదిన నా వైపు చూడలేదు, కిటికీ దగ్గర నిలబడి బట్టలు మడత పెడుతూనే ఉంది. నేను పట్టుకుపోయిన బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను. తర్వాత మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అప్ప ఆ రోజు నుంచి సరిగ్గా తినడం లేదు. మొన్న దుకాణంలో చేతిలో తీగ కింద పెట్టి తనలో తానే అనుకుంటున్నాడు. "ఎర్ర బటన్ నొక్కితే మోటర్ సచ్చినట్టే, బేఫికర్‌గ చెయ్యి పెట్టుకోండ్రి అని ఈ నోటితోని నేనే చెప్పిన. ఎంతమందికి చెప్పిననో." ఆ మాట విన్నాక ఇక నావల్ల కాలేదు. నిజం చెప్పకుండా నేను ఆ ముసలాయన పక్కన కూర్చోలేను. చెప్పి కూడా కూర్చోలేను.

అందుకే నిన్న కాలేబన్నకు అంతా ఉత్తరంలో రాసి పోస్టులో వేశాను. నేను ఫోన్ కొట్టింది, కేక విన్నది, సంతోషంతో అరుస్తున్నాడని చెప్పింది, ఇప్పుడు పచ్చ బటన్ మీదికి వేలు పోనిది, ఏదీ దాచలేదు. దుకాణం మూసేస్తున్నానని కూడా రాశాను. బహుమతి కప్పు వాపసు పంపుతాను. డబ్బాలు ఎవరికి ఇష్టమైతే వాళ్లు పీకి పారేసుకుంటారు. ఎక్కడైనా కూలీకి పోతాను, మోటర్ కనబడని ఊరికి. నన్ను ఆపకు. ఏం చేయాలో నాకు తెలియడం లేదు అక్కా, నిజంగా తెలియడం లేదు.

నీ
ప్రభు

*

కల్హేర్ మండలం,
2 ఫిబ్రవరి 2013

ప్రభులింగ్‌కు,
ఏసయ్య నామంలో వందనాలు. సలోమి రాసేది.

నీ ఉత్తరం అందింది. మా ఆయనకు రాసే చెయ్యి లేదు కాబట్టి ఆయన చెప్పేది నేను రాస్తున్న. నేను మిషన్ బడిల ఏడో తరగతి దాక చదివిన, తప్పులుంటే సదురుకో. ముందు ఆయన మాట.

"తమ్మీ, నీ ఉత్తరం సలోమి రెండుసార్లు చదివి వినిపిచ్చింది. తాళం తియ్యమని కొట్లాడినోన్ని నేనే. నువ్వు పెడితే నేనే వద్దన్న. గది నువ్వు ఉత్తరంల రాయలే, గందుకని నేను చెప్తున్న. మాఫ్ చేసిన అని పెద్ద మాట అనను. చలికి వేళ్లు లేని కాడ నొప్పి లేస్తది, అప్పుడు నీ మీద కోపమొస్తది, మల్ల పోతది. కాని దుకాణం బంద్ చేస్తనంటున్నవు, గదెట్ల? ముప్పై ఏడు డబ్బాలు పెట్టినవు. అన్నిటికి తాళం తీసినవు. నువ్వు ఏడనో కూలికి పోతే మిగిలిన ముప్పై ఆరు మంది చేతులకు జవాబుదారి ఎవరు? మీ అప్ప మడివాళప్పకు నేను చెప్పిన అని చెప్పు, ఆయన నేర్పింది తప్పు గాదు. ముసలాయనకు బువ్వ తినిపియ్యి."

ఇది ఆయన చెప్పింది. ఇగ నేను చెప్పేది.

నీ ఉత్తరంల మాకు కొత్త సంగతి ఒక్కటి లేదు. ఆ దినం కేక ఇని నేను ఉరికిపోయి ఫ్యూజు పీకిన. మోటర్ ఆగింది. మోటర్ ఆగింది గాని డబ్బాల నీ ఫోన్ ఆగలే, దానికి దాని బ్యాటరీ ఉంటది గద. ఆయన చెయ్యి నా ఒడిల పెట్టుకొని కొంగు చుట్టుకుంట కూసున్న. అప్పుడు డబ్బాలకెంచి చప్పట్లు వినొచ్చినయ్. ఎంతమంది కొట్టిండ్రో, చానసేపు కొట్టిండ్రు. గంతకు ముందు ఆయనకు నీ మాట కూడ వినొచ్చిందట. మా రైతు సంతోషంతోని అరుస్తుండు అన్న మాట. నువ్వు దవాఖానకు బత్తాయిలు తెచ్చినప్పుడు మా ఇద్దరికి ఎరుకే. ఊరోళ్లు కంపెనీ ఫోన్ అన్నరు, మేము కాదనలే. ఆయనే ఎవరికీ చెప్పొద్దన్నడు. "పొల్లగాడు తానే వచ్చి చెప్తడు, ఆగు" అన్నడు. నాలుగు నెలలు ఆగినం. ప్రతి ఆదివారం చర్చి కాడికెంచి ఇంటికొచ్చినంక రోడ్డు దిక్కు చూసేటోడు. నాకు నీ మీద కోపం వేళ్లు పోయినందుకు గాదు. గా ఆదివారాలకు.

నేను మాఫ్ చెయ్యలే. ఆయన పెద్దమనసు ఆయనది. నాకు ఇంక గా చప్పట్లు వినొస్తనే ఉన్నయ్.

ఫ్యూజు పీకినప్పటి నుంచి డబ్బా ఊకెనే ఉన్నది, దాని తీగ నేనే విప్పేసిన. ఇప్పుడు రాత్రి కరెంటుకు నేను పోతున్న. ఆయన ఒక్క చేత్తోని టార్చి పడ్తడా, కట్టె పడ్తడా? రెండు సార్లు పాము కనబడ్డది. చెరుకు ఎండబెట్టలేను, భయం లేదని అబద్ధమాడలేను. నీ డబ్బా మీద కోపం చేసి దాన్ని బాయిల పడేస్తందుకు కూడ మాకు గతి లేదు. గందుకే రాస్తున్న.

వచ్చే గురువారం పొద్దున కల్హేర్ బస్సుకు రా. మీ అప్పను తోలుకరా, పని ఆయన ముందట చెయ్యి. తాళం పెట్టు. ఒక్కటే నంబర్ పెట్టు, నాది. ఎర్ర బటన్ నొక్కితే డబ్బా కూడ సచ్చేటట్టు చెయ్యి, అది నీకొస్తదో రాదో నాకు తెల్వది, రాకుంటే నేర్చుకో. మా దగ్గర అయినంక తక్కిన ముప్పై ఆరు డబ్బాల కాడికి తిరుగు. ఒక్కొక్క బాయి కాడ నిలబడి, ఏం జరిగిందో నీ నోటితోని చెప్పు. కంపెనీ ఫోన్ అని చెప్పకు.

తాళం పెట్టినంక నీ ఫోన్లకెంచి మా డబ్బాకు నువ్వే ఫోన్ కొట్టాలె. పచ్చ బటన్ మీదికి వేలు పోతలేదని రాసినవ్, పోవాలె. ఆయన మోటర్ పక్కన నిలబడతనంటుండు, నేను వద్దన్న, ఇంటలేడు. నీ ఫోన్‌కు మోటర్ తిరగొద్దు. తిరగకుంటే అప్పుడు ఇంట్లకు రా, చాయ్ పెడ్త.

ఇట్లు,
సలోమి
(కాలేబు ఎడమచేతి బొటనవేలు ముద్ర)