సీటు కుట్టింది నా భార్య, కుర్చీలో కూర్చున్నది నేను

తిరుత్తణి,
16-08-2024

ప్రజా రవాణా కాంట్రాక్టుల పరిశీలన అధికారి గారి సముఖమునకు,
తిరువళ్ళూరు.

అయ్యా,

విషయం: బస్సు సీట్ల మరమ్మతు టెండరు – "ఎస్తేర్ సీట్ వర్క్స్" అను సంస్థ నా భార్యది అయి ఉండగా, నాది అని తనిఖీ నివేదికలో వ్రాయబడుట – సదరు గౌరవమును నా మీదనుండి తొలగించవలసినదిగా కోరుట – గురించి.

తిరుత్తణి కాపురస్థుడు, కాట్టుపల్లిలో ఒక కాంట్రాక్టు కంపెనీ స్టోరునందు హెల్మెట్లు, నడుము బెల్టులు ఇచ్చి పుచ్చుకొను హెల్పరు, నలభై ఏడేళ్ళ వయస్సు గల యేసురత్నం అను నేను మిక్కిలి వినయముతో తెలియజేసుకొనునది:

పోయిన సోమవారం అర్జీల దినమున తమరు మమ్ములను తెలుగులో పలకరించి, "జరిగిందంతా రాసి ఇవ్వండి, తెలుగైనా ఫరవాలేదు, చదువుతాను" అని సెలవిచ్చినారు. ఆ మాట పట్టుకొని వ్రాయుచున్నాను. తమిళ ప్రతి కూడా జతపరచినాను. అది మా అమ్మాయి మోనిషా తయారు చేసినది. ఆమెకు తెలుగు చదవడం అంతంత మాత్రం. నేను చదివి వినిపించగా, నా సొంత బాధలన్నీ అనవసరమని తీసివేసి ఒక పేజీలో ముగించినది. తమకు సమయం లేకపోతే ఆ పేజీ చాలును.

1. పై సంస్థ యజమానురాలు ఎస్తేర్ నా భార్య అగును. పంతొమ్మిదో ఏట తిరుత్తణి బస్టాండు వెనక వరదన్ గారు అను సీట్ల మేస్త్రీ దగ్గర పనికి చేరినది. పాత మేకులు పీకడానికి పెట్టుకొన్న పిల్ల చేతికి ఆయన ఆరు నెలలకే కత్తెర ఇచ్చినారట. ఆయన పోయిన తరువాత ఆయన మిషనును ఆమె తెచ్చుకొన్నది. ఇప్పుడు మా ఇంటి పక్క రేకుల షెడ్డులో నాలుగు మిషన్లు, ఆరుగురు ఆడవాళ్ళు. సెలవు రోజున నేను షెడ్డులోకి వెళితే "అన్నా, రవంత జరుగు" అనే మాట తప్ప వేరే పలకరింపు ఉండదు. ఈ సంగతి ముందుగా మనవి చేయుట తరువాతి పేరాలకు అవసరము.

2. గత పదకొండు సంవత్సరములుగా ఈ చుట్టుపక్కల తిరిగే బస్సుల చినిగిన సీట్లు ఆ షెడ్డులోనే కుట్టబడుచున్నవి. కాంట్రాక్టు మాత్రం జగన్నాథన్ గారి పేరున ఉన్నది. ఆయన టెంపోలో సీట్లు తెచ్చి దించుతారు, అయినవి ఎక్కించుకొని పోతారు. ఆయన చెడ్డవారు కారు. పండుగకు మోనిషాకు బట్టలు కూడా పెట్టినారు.

ఈ ఏడాది టెండరు నోటీసులో ఆడవారి సంస్థలకు, మైనారిటీల సంస్థలకు కొంత పని ప్రత్యేకించినట్లు చూచి, ఎస్తేర్ తానే వేయదలచినది. మూడేళ్ళ అనుభవం స్వంత పేరున చూపవలెనని షరతు ఉన్నది. పదకొండేళ్ళు కుట్టినదే గానీ, ఏ కాగితంలోనూ ఆమె పేరు లేదు. జగన్నాథన్ గారి దగ్గర ఒక లెటరు తీసుకొందామని ఇద్దరం వెళ్ళినాము. ఆయన ఫ్యాను వైపు చూస్తూ, "నువ్వు కుట్టినావని నేను రాసిస్తే, ఇన్నేండ్లు నేనేం చేసినట్టమ్మా?" అన్నారు.

ఎస్తేర్ లేచి నిలబడింది. నేను మాత్రం "నిజమే సార్" అన్నాను. ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు. అది నా అలవాటు.

ఆ వారం నుండి టెంపో రావడం మానేసింది. షెడ్డులో కుట్టే ఆరుగురిలో శశికళ, ఇంకొక ఆమె కవరైపేట్టై దగ్గర ప్యాకింగు పనికి పోయినారు. శశికళ తన బిడ్డ నిద్ర లేవకముందే వెళ్ళి, మళ్ళీ నిద్రపోయినాక వస్తున్నది. మిగిలిన నలుగురు రోజూ వచ్చి మిషన్లు తుడిచి, నూనె వేసి పోతున్నారు. "పనే లేదు కదా తిరుమలక్కా, ఎందుకొస్తావు?" అని వారిలో పెద్దదైన తిరుమలమ్మను నేనొకసారి అడిగినాను. "ఇంట్లో కూసుంటే ఈ చేతులు యాడ పెట్టుకోవాలో తెలీడం లేదు ఏసూ" అనింది.

3. ఆ లెటరు లేకుండానే దరఖాస్తు ఇచ్చిన చోట ఒక గుమాస్తా గారు "మీరు మైనారిటీ అంటే మతమా, భాషా?" అని అడిగినారు. క్రైస్తవులము, తెలుగువారము గనుక "రెండూ సార్" అన్నాను. ఒకే గడి ఉన్నదని, ఒకటే రాయాలని చెప్పినారు. పైగా ఆడమనిషి అని రాసేందుకు వేరే పేజీ, అది ఇంకొక గదిలో. మూడు విధములుగా అర్హురాలైన మనిషి ఒక్క గడిలో పట్టక, దరఖాస్తు రెండుసార్లు తిరిగి వచ్చినది. మూడోసారి మోనిషా నన్ను ఇంట్లో ఉండమని తానే వెళ్ళి ఇచ్చి వచ్చినది. తీసుకొన్నారు.

4. అసలు ఫిర్యాదు ఇది. ఫిర్యాదు ఎవరి మీద అంటే ఎక్కువ భాగం నా మీదనే.

జూన్ నెల 27న తనిఖీకి ఇద్దరు అధికారులు జీపులో వచ్చినారు. సంస్థ నిజంగా ఆడమనిషిదేనా, పేరుకు మాత్రమేనా అని చూడడం వారి పని. నేను షిఫ్టు మార్చుకొని ఇంట్లో ఉన్నాను, ఇస్త్రీ చొక్కా వేసుకొన్నాను. ఆ షెడ్డులో ఆ పూట నేను చేసిన పని అది ఒక్కటే.

ఎస్తేర్ ఒక పాత సీటు ఫ్రేము కింద పడుకొని మేకులు పీకుతున్నది. తలనిండా ఫోము పొడి. అధికారులలో పెద్దవారైన శివప్రకాశం గారు లోపలికి వచ్చి, ఓనర్ ఎవరని తమిళంలో అడుగుతూ నా వైపే నడిచి వచ్చినారు. ఎస్తేర్ బయటికి పాకి, చేతులు తుడుచుకొంటూ లేచినది. ఆయన "కొంచెం పక్కకు నిలబడమ్మా" అని, అక్కడున్న ఒక్క కుర్చీని నా వైపు జరిపి, "కూర్చోండి సార్" అన్నారు.

ఎస్తేర్ నా వైపు చూసింది. నేను చెప్పవలసినవి రెండే మాటలు. ఓనర్ ఆమె. పలకడానికి కష్టమైన అక్షరం ఒక్కటీ లేదు.

అయ్యా, పద్నాలుగేళ్ళుగా నేను హెల్మెట్లు అందిస్తున్నాను. కిటికీలో నుంచి చెయ్యి వస్తుంది, హెల్మెటు పెడతాను, చెయ్యి పోతుంది. ఆ చేతుల్లో ఒక్కటి కూడా నన్ను సార్ అనలేదు. ఒక ప్రభుత్వ అధికారి కుర్చీ జరిపి సార్ అనేసరికి మోకాళ్ళు వాటంతట అవే వంగినవి. కూర్చున్నాను. కూర్చోవడమే కాక కాలు మీద కాలు వేసుకొన్నాను. ఇది ఎవరూ చెప్పలేదు గానీ తమకు దాచడం ధర్మం కాదు.

తరువాత వారు అడిగినవి, నేను చెప్పినవి:

"రెక్సిను కింద ఫోము ఎంత మందం వేస్తారు?"

"చాలినంత సార్."

"సూది ఎన్నో నంబరు?"

"ఒకటో నంబరు సార్." మంచి సరుకు కదా, ఒకటో నంబరే ఉంటుందని అనుకొన్నాను.

వెనక నుండి ఎస్తేర్ "ఇరవై రెండు సార్, మందం రెక్సినుకు" అన్నది. శివప్రకాశం గారు వెనక్కి తిరగకుండానే "ఓనర్ చెప్తారులేమ్మా" అన్నారు.

"డబుల్ కుట్టు ఎక్కడ వేస్తారు?"

"రెండు చోట్ల సార్."

ఆయన అంతా వ్రాసుకొన్నారు. ఆయన వ్రాసుకొంటుంటే నా మాటలకు విలువ ఉన్నదని సంతోషించినాను.

5. నెల తరువాత ఉత్తరం వచ్చినది. మోనిషా చదివింది. సంస్థ పేరు మహిళది, నడుపుచున్నది భర్త, సదరు భర్తకు ఈ వృత్తిలో బొత్తిగా పరిజ్ఞానము లేదు, కావున కేటాయింపునకు అర్హత లేదు. ఇందులో రెండో మాట అబద్ధము. మూడోది సత్యము, దానిపై నాకు అభ్యంతరము లేదు.

"నాయనా, నువ్వెప్పుడు ఓనరైనావు?" అని మోనిషా అడిగింది.

ఎస్తేర్ ఆ కాగితం మడిచి బైబిలు కింద పెట్టింది. అన్నం వడ్డించింది. నేను సగం తిన్నాక అడిగింది. "ఏం మామా, కుర్చీ బాగుండిందా?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పేవాడిని. మామూలుగా అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు ఉంది. "బాగుండింది" అన్నాను. అదొక్కటి నిజం చెప్పినాను. ఆమె తల ఊపి, చెయ్యి కడుక్కొని షెడ్డులోకి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు వినబడింది. కుట్టడానికి ఏమీ లేదు కదా అని తొంగి చూస్తే, తెగిన పాత ముక్కలను ఒకదానికొకటి అతికించుకొంటూ కూర్చొని ఉన్నది.

నేను మూడు రోజులు సెలవు పెట్టి, ఒక సీటు కుట్టడం నేర్పమని అడిగినాను. నేర్పింది. ఫలితమును వృత్తి పరిజ్ఞానము లేనందుకు రుజువుగా తమ కార్యాలయ వాచ్‌మన్ గారి వద్ద ఉంచినాను. దానిపై ఎవరినీ కూర్చోనివ్వవద్దని ప్రార్థన. కుడి మూలలో ఒక సూది లోపల ఉండిపోయినది, నంబరు ఇరవై రెండు.

6. పోయిన సోమవారం తమ దర్శనమునకు తిరుత్తణిలో బస్సు ఎక్కినాము. ఎస్తేర్ కిటికీ పక్క కూర్చొని, కాసేపటికి సీటు అడుగున చెయ్యి పెట్టి తడిమింది. ఏమైనా పడిపోయిందా అని అడిగినాను. నా చెయ్యి పట్టుకొని అక్కడే పెట్టింది. రెక్సిను అంచు మడిచిన చోట, దారంతో మూడు ముళ్ళు చేతికి తగిలినవి.

"వరదన్ తాత రెండు ముళ్ళేస్తాడు. నేను మూడేస్తాను. ఈ బస్సులో ముందు వరస, ఆడోళ్ళ సీట్లు, డ్రైవర్ సీటు, అన్నీ నావే" అన్నది.

పాండూరు దగ్గర ఎక్కిన ఒక ముసలాయన మా ముందు సీట్లో కూర్చొని, వక్కాకు నమిలి, హాయిగా నిద్రపోయినాడు. ఎస్తేర్ తిరువళ్ళూరు వచ్చేవరకూ ఆయన్నే చూస్తూ ఉన్నది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ బస్సులలో నేను ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క లేదు. ఒక్కసారీ చెయ్యి కిందకు పోలేదు. ఆ మాట ఆమెతో చెప్పాలని ఉండింది గానీ, బస్సులో జనం ఉన్నారు.

తమ గదిలోకి పిలిచినప్పుడు, తప్పుగా ఎంచవద్దు, తమరు కూడా మొదటి ప్రశ్న నా వైపు చూచియే అడిగినారు. "సంస్థ ఎప్పుడు పెట్టినారు?" అని. నాకు ఆ జవాబు తెలుసును. అయినా నోరు తెరవలేదు. గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడినాను. తమరు రెండోసారి అడిగినారు. అప్పుడు కూడా క్యాలెండరే చూసినాను. అప్పుడు తమరు ఆమె వైపు తిరిగినారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, తమరు కలం పక్కన పెట్టి విన్నారు. పద్నాలుగేళ్ళ ఉద్యోగములోనూ ఇరవై ఏళ్ళ సంసారములోనూ నేను చేసిన మంచి పని అదొక్కటేనని మోనిషా అభిప్రాయం.

కావున ప్రార్థించునది:

(అ) జూన్ 27 నాటి నివేదికలో యజమానిగా నమోదైన నా పేరును కొట్టివేయవలెను.

(ఆ) వేరొకరి కాంట్రాక్టు కింద పనిచేసిన ఆడవారి అనుభవమును చూడదలచిన, కాగితములను గాక, బస్సులలో సీట్లను తిరగవేసి చూడవలెను. ఒక్క ఎస్తేర్ అనే కాదు, ఇటువంటి షెడ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నవి. వాటిలోనూ ఎవడో ఒకడు ఇస్త్రీ చొక్కాతో ఉంటాడు.

(ఇ) మళ్ళీ తనిఖీ వచ్చే గురువారం అని తెలిసినది. ఆ దినమున నేను కాట్టుపల్లిలో డ్యూటీలో ఉండునట్లు ఏర్పాటు చేసుకొన్నాను. ఒకవేళ సెలవు ఇచ్చినా తీసుకోను.

(ఈ) పేద కుటుంబమని ~~దయతలచి~~ ఈ పనిని ఇప్పించవలెను.

ఈ అర్జీని నిజానికి ఎస్తేరే వ్రాయవలసినది. "నేను మూడు రాసినాను, ఒక్కదానికీ జవాబు రాలే. నువ్వొకటి రాయి, మొగోడి కాగితానికి వస్తాదేమో సూద్దాం" అని నాకు అప్పగించినది. జవాబు వచ్చినచో ఆమె అనుమానము నిజమగును, రానిచో నేను పనికిరానివాడనగుదును. ఏది జరిగినను ఇంట్లో నాకు కష్టమే. ఈ కష్టమును కూడా తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
ఎవరికీ ఓనరు కాని
తమ విధేయుడు,
యేసురత్నం

తా.క.: అయ్యా, పైన (ఈ)లో దయతలచి అనే మాట కొట్టేసింది నేను. మా ఆయన మంచివాడే గానీ అడగడం అంటే దండం పెట్టడమే అనుకుంటాడు. మాకు దయ వద్దు. గురువారం పది గంటలకు రండి, ఒక చినిగిన సీటు మీరే తెచ్చి ఇవ్వండి. మీ ఎదురుగా కుడతాను. బాగుంటే పని ఇవ్వండి, బాగలేకపోతే బాగలేదని నాకే చెప్పండి.

– ఎస్తేర్, ఓనరు