తడి చెక్క మీద రంగు

దిల్‌సుఖ్‌నగర్,
12 జూలై 1986

జనార్ధన్,

ఎప్పుడూ ఆశీస్సులతో మొదలుపెట్టేదాన్ని. ఈసారి చెయ్యి రావడం లేదు.

నాయన మనకు వదిలి వెళ్లిన మోరిస్ కారు వెనక చెక్క చట్రానికి నన్నడక్కుండా గోధుమరంగు పెయింటు కొట్టించావు. నిలదీస్తే, "తుర్కయంజాల్ల ప్లాట్లు చూపెట్టాలె గదా అక్కా, పాత కట్టె చూస్తే గిరాకీలు ఏమనుకుంటరు?" అన్నావు. నాయన ముఖానికే రంగు పులిమినట్టుంది.

ఆయన ఏటా రోహిణి ఎండల్లో పాత వార్నిష్ గీకి, చెక్క బాగా ఎండాకే అవిసె నూనె పట్టించి, కొత్త వార్నిష్ వేసేవాడు. మృగశిర వచ్చిందంటే బ్రష్షు ముట్టనిచ్చేవాడు కాదు. నీకది తెలియదా? పోయిన నెల వానల్లో, తడి చెక్క మీదే కొట్టించావు.

నిన్న వడ్రంగి మట్టయ్యను పిలిచి వెనక తలుపు అడుగున ఒక మూల గీకించాను. అతని బొటనవేలు చెక్కలోకి దిగిపోయింది.

"తడి మీద మూసిందెవలమ్మా? లోపల్నే మురిగింది" అన్నాడు. నీ పేరు చెప్పాను.

"గీ మురుగుడు నెలది గాదమ్మా, ఏడాదిది. పెయింటు కింద వార్నిష్ గూడ తడి మీదేసిందే."

నిరుడు పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆలస్యం చేసి, ఆ వార్నిష్ వానల్లో వేసింది నేనే. మట్టయ్యకు ఆ మాట చెప్పలేదు. నీమీద కోపమూ తగ్గలేదు. తగ్గాలా? తెలియడం లేదు.

వచ్చే ఆదివారం నీ గిరాకీలకు కారు ఇవ్వను. ఉప్పుకాగితం పట్టుకుని నువ్వే రా. నీ రంగు నువ్వు గీకు. దాని కిందిది నేను గీకుతాను.

అక్క