గుమ్మం దగ్గర బకెట్

మార్చి 3

వృద్ధుల వసతి గృహంలో వంటగది నా చేతికొచ్చి వారమైంది. తినేది అరవై మంది, రోజూ పారేసేది పద్దెనిమిది కిలోలు! కడుపు మండిపోయింది. భోజనాల హాలు గుమ్మం దగ్గర బకెట్, దాని కింద కాటా పెట్టించాను. ఇకమీదట ఎవరి ప్లేటు వాళ్లే అందులో ఖాళీ చేయాలి. అంకె అందరికీ కనపడుతుంది.

మార్చి 4

గిన్నెలు తోమే అక్క మొహం మాడ్చుకుంది. పని తగ్గిస్తే ఈ అలకేమిటో! ఎవరు తినకుండా వదిలేశారో ప్లేటు చూసి నర్సుకి చెప్పేదాన్ని, ఇప్పుడేం చెప్పాలి అంటుంది. నర్సుకి బీపీ మిషన్ ఉంది, నీ ప్లేట్లెందుకు అన్నాను.

మార్చి 11

పదకొండు కిలోలు!

మార్చి 19

ఆరు. మీటింగ్‌లో మేనేజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. నా కాళ్లు నేల మీద లేవు. పన్నెండో గదిలో టైలర్ తాత ప్లేటైతే అద్దమే, బకెట్ దగ్గర ఆగే పనే లేదు. ఇలాంటివాళ్లు పదిమందుంటే చాలని హాల్లో గట్టిగా అన్నాను. తాత తలొంచుకుని వెళ్లిపోయాడు. ఎంత మొహమాటమో.

మార్చి 27, రాత్రి

మధ్యాహ్నం లాండ్రీ ఆవిడ పిలిచి తాత ప్యాంటు చూపించింది. జేబు లోపల ఇంకో జేబు, ప్లాస్టిక్ గుడ్డతో. తనే కుట్టుకున్నాడు. దాన్నిండా అన్నం, నమిలి ఉమ్మేసిన ముక్కలు.

గదికి పరిగెత్తాను. మంచం మీంచి లేవలేకపోతున్నాడు. కట్టుడు పళ్ల కింద చిగుళ్లన్నీ పుండ్లు. నర్సు తూస్తే నెలలో ఐదు కిలోలు తగ్గాడు. చెప్పొచ్చు కదా తాతా అంటే, అందరూ చూస్తుండగా ఆ అంకె పెంచాలంటే సిగ్గేసిందమ్మా, నువ్వు మెచ్చుకున్నాక అసలు నోరు రాలేదు అన్నాడు. పైగా నాకే సారీ చెప్పాడు.

సాయంత్రం ఆస్పత్రిలో చేర్చారు. ప్లేట్లు అక్క చేతిలో ఉంటే రెండో రోజుకే తెలిసిపోయేది. ఆ మాట అక్క అనలేదు. అని ఉంటే బాగుండేది.

మార్చి 28

గదులన్నీ వెతికాం. ఇంకో నలుగురి సొరుగుల్లో ఎండిన రొట్టెలు. బకెట్, కాటా తీయించేశాను. అంకె మళ్లీ పెరుగుతుందే అని మేనేజర్ నసిగాడు. పెరగనీండి అన్నాను. అక్కని క్షమించమని అడిగాను. తడి చేతులు తుడుచుకుంటూ, నర్సుకి చెప్పాల్సినవి ఇవాళ మూడున్నాయి అంది.

మార్చి 30

ఆస్పత్రికి జావ తీసుకెళ్లాను. తాత నాలుగు చెంచాలు తాగి, నేను చూడట్లేదనుకుని గిన్నెని దుప్పటి కిందికి జరిపాడు.