పుంగనూరు దాకా

రమణన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజు నీ కుప్పం బస్సే ఎక్కాను.

మదనపల్లెలో రోజూ ఆ బస్సెక్కేవాళ్లను, వాళ్లతోపాటు నన్నూ, ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, వెబ్ పత్రికల్లో ఉచితంగా దొరికే కథలు వెతికి లింకులు పంపేవాడివి. కథ ఎంత పొడుగో చెప్పడానికి 'పుంగనూరు దాకా', 'పలమనేరు దాకా' అని రాసేవాడివి. ఎవరు దిగే ఊరికి సరిపోయేది వాళ్లు తెరిచేవాళ్లు.

నువ్వు పోయిన రోజు బస్సెక్కి పంపింది 'పుంగనూరు దాకా' కథ. తర్వాత కండక్టర్ నాగప్ప ఇంటికొచ్చి మన అమ్మతో చెప్పాడు: "ఫోను సేతిలోనే ఉండిందమ్మా. కత సదువుకుంటాండాడు, కదిలించేది యాల అనుకుంటి." కుప్పంలో అందరూ దిగేదాకా నిన్ను ఎవరూ తట్టి చూడలేదు. దారిలో రెండు ఊళ్లలో ఆసుపత్రులున్నాయి.

అప్పటినుంచి గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఈ రోజు నేనే ఒక కథ వెతికి, 'పుంగనూరు దాకా' అని రాసి పంపాను. కాసేపటికి బస్సులో అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూస్తున్నారు. నాకు భయమేసింది. మొదటి పేరా దాటలేకపోయాను.

పుంగనూరులో బస్సు ఆగింది. నాగప్ప వెనక సీటు నుంచి ఒక్కొక్కరి భుజం తడుతూ వచ్చాడు.

"అయిపోయిందా అప్పా కత?"

"అయిందప్పా," అన్నాడొకాయన.

"నీదమ్మా?"

"ఇంకొంచెం ఉండాది," అంది నా ముందున్నామె.

జవాబు వినిపించేదాకా నాగప్ప ఏ సీటు దగ్గర నుంచీ కదల్లేదు.