తాగి ఉండొచ్చు అన్నాడు, అన్నయ్యా

అన్నయ్యా,

ఈ రోజు నీ కేసు విచారణకి వచ్చింది. తెనాలిలో లాయరుగారి ఆఫీసులో అమ్మా నేనూ స్క్రీన్ ముందు కూర్చున్నాం. అక్కడ గ్రీసు కోర్టులో మీ ఓడ కెప్టెన్ ఇంగ్లీషులో సాక్ష్యం చెప్పాడు. తుప్పుపట్టిన నిచ్చెన విరిగి నువ్వు పడి చనిపోతే, వాడు "తాగి ఉండొచ్చు" అన్నాడు. దుబాసీ దాన్ని గ్రీకులో "తాగి ఉన్నాడు" అని చెప్పేశాడు.

నువ్వు పోయిన దగ్గర్నుంచీ, బాపట్లలో స్కూలు వదిలాక రోజూ ఫోన్లో గ్రీకు నేర్చుకున్నది ఇందుకే. చెయ్యెత్తి జడ్జితో గ్రీకులోనే అన్నాను.

"మేడం, అక్కడ 'ఇసోస్' అని రావాలండి. తాగి ఉండొచ్చేమో అన్నారంతే. తాగాడని అనలేదు."

ఇసోస్ అంటే మన 'ఏమో'.

జడ్జి కెప్టెన్ వైపు తిరిగింది. "అతను తాగడం మీరు చూశారా?"

"లేదు."

"నిచ్చెన పాడైందని అతను మీకు ముందే చెప్పాడా?"

"చెప్పాడు."

"ఇంక వదిలెయ్యవే, ప్రభువు చూసుకుంటాడు," అంది అమ్మ మెల్లగా. రేపల్లెలో పాస్టరుగారూ క్షమించమనే చెప్పారు. నేను క్షమించలేదు. వాడు చెమటలు తుడుచుకుంటూ లేచి వెళ్ళేదాకా కాల్ కట్ చెయ్యనివ్వలేదు. ఆ మొహం కళ్ళారా చూశాను.

నువ్వు పోయాక మొదటిసారి, ఇవాళ కడుపునిండా అన్నం తిన్నాను.