మెరూన్ బూటు మీద గీత

చోడవరం, ఆదివారం

మెరూన్ బూటు ముందు భాగంలో పడ్డ గీత ఇవాళ దాదాపు కనపడకుండా పోయింది. తడిగుడ్డతో తుడిచి, సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, మెరూన్ క్రీములో కాస్త బ్రౌన్ కలిపి పూశాను. రంగు కలుస్తుందో లేదో ముందే బూటు లోపలి అంచున పూసి చూసుకున్నాను.

ఆ గీత సన్యాసిరావు గృహప్రవేశంలో పడింది. గుమ్మం బయట జతగా విప్పిన బూట్లు, భోజనం చేసి వచ్చేసరికి గోడవారన చెల్లాచెదురుగా ఉన్నాయి. అడిగితే అతను నవ్వాడు.

"ఏటి మాస్టారూ, మీ బూట్లకి కూడా నేనే కాపలా కాయాలేటి?"

ఎవరో చూడక తన్నారనుకోవడానికి నేనంత అమాయకుణ్ణి కాను. తన నవల గురించి నేను సభలో అన్న మాటలు అతను మరిచిపోలేదు.

రేపు అతనికి సన్మానం. శాలువా నన్నే కప్పమని కబురు పెట్టాడు. ఊళ్లో ఇంతమంది ఉండగా నేనే ఎందుకు?

సాయంత్రం కాఫీ తెచ్చిన మా ఆవిడ బూట్లు చూసి నవ్వింది. "ఇంత మెరుగెట్టి ఏటి లాభమండీ? స్టేజీ మీద సరస్వతి పటం పెడతారు, దీపం ఎలిగిస్తారు. బూట్లు కిందే ఇప్పీయాలి కదా!"

అప్పుడు అర్థమైంది. ఊరందరి ముందూ నేను వట్టి కాళ్లతో వెళ్లి, కుర్చీలో కూర్చున్న అతని ముందు వంగాలి. బూట్లేమో కింద అతని మనుషుల మధ్య ఉంటాయి.

వెళ్లకపోతే కుళ్లు అంటారు. వెళ్తాను. మొదటి వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాను. పిలిస్తే మోకాళ్ల నొప్పి అంటాను. శాలువా కప్పడానికి చేతులు బోలెడు దొరుకుతాయి. నేను మాత్రం బూట్లు విప్పను.